లిగమెంట్ ఆపరేషన్‌లో కంప్యూటర్ పని ఎంతవరకు?

సంపాదకులకు నమస్కారం.

మెట్రో పిల్లర్ల మీదా, సిటీ ఎడిషన్ల లోపలి పేజీల్లోనూ ఈమధ్య ఒక తరహా ప్రకటనలు ఎక్కువయ్యాయి. 'కంప్యూటర్ సాయంతో మోకాలి లిగమెంట్ ఆపరేషన్, నూటికి నూరుపాళ్లు కచ్చితం' అని. గచ్చిబౌలి, కొండాపూర్ వైపు టర్ఫుల మీద రాత్రిపూట బాక్స్ క్రికెట్ ఆడుతూ మోకాలు మెలిపడ్డవాళ్లూ, వానలో బండి జారి కాలు ఆనించబోయి లిగమెంట్ తెంచుకున్నవాళ్లూ ఆ ప్రకటన ఫోన్లో చూపించి 'మాకు ఇదే చెయ్యండి' అంటున్నారు. ఆ పరికరం పనికిరానిదని మేము అనడం లేదు. అది ఏం కొలుస్తుందో, దేన్ని అసలు ముట్టుకోదో ప్రకటనల్లో ఉండదు. డబ్బు కట్టేవాళ్లకు అది తెలియాలని ఈ ఉత్తరం.

ముందు ఒక గందరగోళం తీరాలి. మోకాలి చిప్ప మార్పిడి అని జనం పిలిచే ఆపరేషన్ వేరు, ఇది వేరు. అక్కడ అరిగిన ఎముక చివర్లను కోసి లోహపు తొడుగు వేస్తారు. తుంటి కీలు మధ్య నుంచి చీలమండ దాకా కాలి ఇరుసు ఎలా ఉందో కంప్యూటర్ లెక్కగట్టి, ఏ కోణంలో కొయ్యాలో చెబుతుంది. మోకాలి మధ్యలో తొడ ఎముకనూ కాలి ఎముకనూ కలిపి పట్టే ముఖ్యమైన లిగమెంట్ పేరు ఏసీఎల్. దాని ఆపరేషన్‌లో అలాంటి కోతలు ఉండవు. తొడ ఎముకలో ఒకటి, కాలి ఎముకలో ఒకటి, 8 లేదా 9 మి.మీ. వెడల్పుతో రెండు సొరంగాలు తొలుస్తారు. మా వాడుకలో అవే టన్నెళ్లు. సాధారణంగా తొడ వెనక నుంచి తీసిన టెండన్లను మడిచి ఆ రెండింట్లోంచి లాగి బిగిస్తారు. తెగిన లిగమెంట్ స్థానంలో పెట్టే ఈ కొత్త తాడునే గ్రాఫ్ట్ అంటారు. టెండన్‌ను ఊళ్లలో 'నరం' అంటారు గానీ అది నరం కాదు, కండను ఎముకకు పట్టి ఉంచే తాడు. చిప్ప మార్పిడిలో కంప్యూటర్‌కు వచ్చిన పేరును తీసుకొచ్చి లిగమెంట్ ప్రకటనకు అతికించడం సరికాదు.

ఏసీఎల్ పొడవు సగటున మూడు సెంటీమీటర్ల పైచిలుకు. కాలి ఎముక ముందుకు జారకుండా ఆపడం దాని ఒక పని, మెలి తిరగకుండా ఆపడం రెండో పని. ఆటగాళ్లు 'పరుగులో తిరగబోతే మోకాలు జారిపోతోంది' అని చెప్పేది ఈ రెండో పని చెడ్డప్పుడే. కొత్త లిగమెంట్ ఈ రెండు పనులూ చేస్తుందా, ఒకటే చేస్తుందా అన్నది చాలావరకు టన్నెల్ నోరు ఎక్కడ పడిందన్న దాని మీద ఉంటుంది. మూడు నాలుగు మిల్లీమీటర్ల తేడా చాలు, కథ మారిపోవడానికి.

తొడ ఎముక వైపు చోటు ముందుకు పడిందనుకోండి. మోకాలు మడిచేకొద్దీ గ్రాఫ్ట్ బిగుసుకుంటుంది. మడత మధ్యలోనే ఆగిపోతుంది, లేదా ఫిజియో గట్టిగా వంచినప్పుడు గ్రాఫ్టే సాగి వదులవుతుంది. గొంతుకూర్చోవడం, బాసింపట్టు వేసుకోవడం, నమాజులో మోకాళ్ల మీద కూర్చోవడం మన దగ్గర రోజువారీ అవసరాలు కనుక ఈ తప్పు ఇక్కడ త్వరగా బయటపడుతుంది. కాలి ఎముక వైపు చోటు ముందుకు పడితే అందుకు వ్యతిరేకం. కాలు పూర్తిగా చాపినప్పుడు గ్రాఫ్ట్ తొడ ఎముక గాడి పైకప్పుకు కొట్టుకుంటుంది, చివరి కొన్ని డిగ్రీలు చాచలేరు. ఆ ఒరిపిడికి ముందువైపు ఒక గడ్డ కూడా తయారవుతుంది. ఆర్థ్రోస్కోపీలో, అంటే చిన్న గాటులోంచి కెమెరా గొట్టం పెట్టి కీలు లోపల చూసినప్పుడు, ఒంటికన్నులా కనిపిస్తుందని దానికి సైక్లాప్స్ అని పేరు.

ఇంకో తప్పు చాలా ఏళ్లు తప్పులా కనిపించలేదు. కాలి ఎముకలో వేసిన టన్నెల్ గుండానే డ్రిల్లు పైకి పంపి తొడ ఎముకను తొలిచే పాత పద్ధతిలో గ్రాఫ్ట్ దాదాపు నిటారుగా నిలబడేది. డాక్టర్ కాలు ముందుకు లాగి చూస్తే గట్టిగానే ఉంటుంది. మెలితిప్పి చూస్తే మాత్రం జారుతుంది. షామియానా తాడును గుంజ పక్కనే నిలువుగా కడితే గాలికి ఆగదు, దూరంగా లాగి ఏటవాలుగా మేకు కొడితేనే ఆగుతుంది. ఇదీ అంతే. అందుకే మోకాలి ముందు లోపలివైపు వేరే గాటు నుంచి నేరుగా డ్రిల్లు పెట్టే పద్ధతి వచ్చింది. దానికీ దాని తిప్పలున్నాయి. మోకాలిని 110 నుంచి 120 డిగ్రీలు, ఇంకా ఎక్కువే మడిచి పట్టుకోవాలి. అసిస్టెంట్ చెయ్యి అలిసి మడత 90కి దిగితే టన్నెల్ పొట్టిదవుతుంది, లేదా వెనక గోడ, అంటే టన్నెల్ వెనక మిగిలే పల్చటి ఎముక, పగులుతుంది.

ఆ వెనక గోడ లెక్క ఒక్కసారి దగ్గరగా చూడండి. ఆఫ్‌సెట్ ఎయిమర్ అని ఒక కొక్కెం లాంటి పనిముట్టు ఉంటుంది. దాన్ని గోడ చివర తగిలిస్తే అక్కడి నుంచి 6 మి.మీ. లోపలికి, డ్రిల్లుకు దారి చూపే సన్నటి వైరు దిగుతుంది. ఆ వైరు మీద 9 మి.మీ. డ్రిల్లు నడిపితే సగం వెడల్పు 4.5. మిగిలే గోడ 1.5 మి.మీ. అంటే అరటితొక్క మందం కూడా ఉండదు. కొక్కెం సరిగ్గా గోడ చివర తగిలిందా, ముందున్న చిన్న గట్టుకే తగిలి ఆగిందా అన్నది అసలు ప్రశ్న. ఆ గట్టుకు రెసిడెంట్స్ రిడ్జ్ అని పేరు. శిక్షణలో ఉన్న రెసిడెంట్ డాక్టర్లు దాన్నే గోడ చివర అనుకుని అక్కడే డ్రిల్లు పెడతారని ఆ పేరు పడింది. మోకాలు 90 డిగ్రీలు మడిచి చూస్తే అసలు ఏసీఎల్ అంటుకునే చోటంతా ఆ గట్టు కిందే ఉంటుంది. గట్టు మీద పేరుకున్న కణజాలాన్ని ఓపిగ్గా గీకి శుభ్రం చేస్తే కంటికే కనిపిస్తుంది. ఆ పది నిమిషాల ఓపిక లేనిచోట ఎంత ఖరీదైన తెర పెట్టినా ఒరిగేది తక్కువే.

ఇక నావిగేషన్, అంటే ప్రకటనలు చెప్పే ఆ కంప్యూటర్ సాయం. 1990ల మధ్యలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో ఏసీఎల్ మీద మొదటి ప్రయత్నాలు జరిగాయి. ఇప్పుడు ఎక్కువగా వాడేది ముందస్తు స్కాన్ అవసరం లేని రకం. తొడ ఎముకకూ, కాలి ఎముకకూ సుమారు 3 మి.మీ. పిన్నులు దించి, వాటికి రేగుపండంత మెరిసే గోళాలున్న ట్రాకర్ బిగిస్తారు. సుమారు రెండు మీటర్ల దూరంలో ఇన్‌ఫ్రారెడ్ కెమెరా నిలబడి ఆ గోళాలను చూస్తూ ఉంటుంది. తర్వాత సర్జన్ మొనదేరిన పాయింటర్‌తో ఒక్కొక్క గుర్తునూ తాకి కంప్యూటర్‌కు చెప్పాలి. చీలమండ రెండు గుబ్బలు, మోకాలి లోపల వెనక లిగమెంట్ ముందు అంచు, బయటి మెనిస్కస్ (రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి) ముందు కొమ్ము, తొడ ఎముక గాడి గోడలు, కప్పు. గోడల మీద పాయింటర్‌ను సున్నం వేసినట్టు మెల్లగా రుద్దుకుంటూ పోతే తెర మీద ఆకారం తేలుతుంది. చివర్లో కాలిని పూర్తిగా చాచి, మడిచి ఆ కదలికనంతా రికార్డు చేస్తారు. అప్పటి నుంచి డ్రిల్లు మొన ఎక్కడ పెడితే వెనక గోడ ఎన్ని మిల్లీమీటర్లు మిగులుతుందో, గ్రాఫ్ట్ కప్పుకు తగులుతుందో లేదో, మోకాలు మడిచేకొద్దీ పొడవు ఎంత మారుతుందో అంకెల్లో కనిపిస్తుంది. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా కాలు ఎన్ని మిల్లీమీటర్లు ముందుకు జారుతోందో, ఎన్ని డిగ్రీలు తిరుగుతోందో కూడా రాసిస్తుంది. మా అభిప్రాయంలో ఈ చివరి కొలతే దాని అసలైన విలువ. కాలిని మెలితిప్పి మోకాలు జారుతోందా అని చూసే పివట్ షిఫ్ట్ పరీక్ష, చేసే చెయ్యిని బట్టి మారుతుంది, అంకె అంతగా మారదు.

అయితే ఈ యంత్రం చోటును తనంతట తాను కనిపెట్టదని జనానికి తెలియాలి. సర్జన్ తాకి చూపిన గుర్తుల నుంచే లెక్క కడుతుంది. మెనిస్కస్ కొమ్ము చిరిగి పక్కకు జరిగి ఉంటే, చిరిగిన చోటునే తాకి 'ఇదే కొమ్ము' అంటే, కంప్యూటర్ నమ్మేస్తుంది. ఆ తర్వాత చూపే ప్రతి అంకే దశాంశంతో సహా తప్పే. మెత్తటి ఎముకలో పిన్ను వదులైనా, ఆర్థ్రోస్కోప్ తగిలి ట్రాకర్ కదిలినా ఇదే జరుగుతుంది. కెమెరాకు ట్రాకర్ కనబడుతూనే ఉంటుంది కనుక తెర ఏమీ అరవదు. అందుకే మొదట్లోనే ఎముక మీద ఒక గుర్తు పెట్టుకుని, డ్రిల్లు తిప్పే ముందు పాయింటర్‌తో మళ్లీ ఆ గుర్తును తాకి చూడాలి. 1 నుంచి 2 మి.మీ. కంటే ఎక్కువ తేడా వస్తే మొదటి నుంచి మళ్లీ నమోదు చెయ్యాల్సిందే. గోళం మీద రక్తం చుక్క పడ్డా, అసిస్టెంట్ మోచెయ్యి అడ్డం వచ్చినా లెక్క ఆగుతుంది, లేదా వణుకుతుంది. అది ఇబ్బందే గానీ ప్రమాదం కాదు, కంటికి కనిపిస్తుంది కాబట్టి. కనిపించకుండా జరిగే పొరపాటుకే భయపడాలి.

పిన్నులకూ వాటి ఖర్చు వాటికుంది. తొడ కండలోంచి దిగితే మొదటి వారాల్లో నొప్పి, కండ బిగించడానికి వెనకాడటం. పిన్ను రంధ్రం దగ్గర ఎముక విరిగిన సందర్భాలు అరుదుగానైనా ఉన్నాయి. కాలి ఎముక పిన్ను టన్నెల్ దారికి అడ్డంగా దిగితే డ్రిల్లు దానికే తగులుతుంది.

మరో సంగతి సర్జన్ల మధ్యే ఎక్కువగా నలుగుతుంది, బయటికి రాదు. మొదటి తరం నావిగేషన్ ప్రోగ్రాములు వెతికింది 'ఐసోమెట్రీ'ని, అంటే మోకాలు ఎంత మడిచినా గ్రాఫ్ట్ పొడవు మారని బిందువును. వినడానికి బాగుంది. కానీ అసలు ఏసీఎల్ అలా ఉండదు. దానిలో రెండు పాయలు, ఒకటి మడతలో బిగుస్తుంది, ఇంకొకటి చాచినప్పుడు. పొడవు మారని బిందువు అసలు లిగమెంట్ పుట్టే చోటు మధ్యలో లేదు, కొంచెం పైకి, వెనక్కి ఉంది. అంటే యంత్రం తన గురిని చక్కగా కొట్టింది, గురే పక్కకు ఉంది. ఇప్పుడు గురి మార్చారు. పక్క ఎక్స్‌రేలో తొడ ఎముక గుబ్బను నాలుగు గీతల పెట్టెలో ఉంచి, వెనక నుంచి సుమారు 25 శాతం, పై నుంచి సుమారు 28 శాతం దగ్గర మధ్యబిందువు అనే కొలత అందరికీ తెలిసినదే. ఎక్స్‌రే ఆధారంగా పనిచేసే నావిగేషన్ దీన్నే వాడుతుంది. రెండు గుబ్బలూ ఒకదాని మీద ఒకటి కలిసేలా సరైన పక్క ఫిల్మ్ తియ్యకపోతే ఆ శాతాలూ దారి తప్పుతాయి.

మరి ఫలితం? వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కోక్రేన్ సంస్థ 2014 నాటి సమీక్ష ఐదు పరిశోధనలను, మొత్తం 366 మందిని కలిపి చూసింది. పేషెంట్ల మోకాలి పనితీరు స్కోర్లలో చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు. ఆపరేషన్ మాత్రం 9 నుంచి 27 నిమిషాలు ఎక్కువ పట్టింది. రక్తం పారకుండా తొడకు బిగించి కట్టే టూర్నికేట్ పట్టీని మామూలుగా రెండు గంటల లోపే విప్పెయ్యాలి. అందులోంచి పోయే 27 నిమిషాలు చిన్నవి కావు. దీన్నిబట్టి నావిగేషన్ దండగ అనడం కూడా తొందరపాటే. డెన్మార్క్‌లో లిగమెంట్ ఆపరేషన్లను నమోదు చేసే రిజిస్ట్రీ లెక్కలు 2013లో వచ్చినప్పుడు, చాలామంది మెరుగైనదని నమ్మిన, పైన చెప్పిన కొత్త గాటు పద్ధతిలోనే మళ్లీ ఆపరేషన్లు ఎక్కువ అని తేలింది. కొత్తది నేర్చుకునే మొదటి రోజుల పొరపాట్లు అందుకు ఒక కారణం అయ్యుండొచ్చని వాళ్లే అన్నారు. నేర్చుకునే రోజుల్లో మిల్లీమీటర్లలో జవాబు చెప్పే తెర అక్కరకొచ్చేది ఇక్కడే. గాంధీ, ఉస్మానియా, నిమ్స్ లాంటి బోధనాసుపత్రుల్లో పీజీ విద్యార్థులు ముందు ఎండు ఎముకల మీద, తర్వాత సీనియర్ పక్కన ఉండగా తాము ఎంచిన చోటును కంప్యూటర్ కొలతతో పోల్చి చూసుకునే ఏర్పాటు ఉంటే, కార్పొరేట్ ఆసుపత్రి ప్రకటన బోర్డు కంటే వెయ్యిరెట్లు మేలు.

ఇంకో రెండుచోట్ల కూడా మేము దీన్ని సమర్థిస్తాం. ఒకటి, పాత టన్నెల్ తప్పుగా పడి, రెండోసారి ఆపరేషన్ చేసేటప్పుడు. కళ్లకు గుర్తులన్నీ చెరిగిపోయి ఉంటాయి. రెండు, ఎముక ఇంకా పెరుగుతున్న పిల్లల్లో. ఎదుగుదల పొర పక్కనుంచి టన్నెల్ పోవాలి, దాన్ని చీల్చకూడదు.

మిగతావాళ్లలో ఫలితాన్ని తేల్చే విషయాలు చాలావరకు ఏ తెర మీదా కనిపించవు. గ్రాఫ్ట్ లావు వాటిలో మొదటిది. తొడ వెనకవైపు సెమీటెండినోసస్, గ్రాసిలిస్ అనే రెండు టెండన్లు తీసి, కండ గీకి, నాలుగు మడతలు వేసి, అర మిల్లీమీటరు తేడాతో రంధ్రాలున్న కొలత బిళ్లలోంచి లాగి చూస్తారు. 8 మి.మీ. కంటే సన్నగా ఉంటే తెగే అవకాశం పెరుగుతుంది. పొట్టిగా, బక్కగా ఉన్నవాళ్లలో 7 మి.మీ. రావడం మన దగ్గర వింతేమీ కాదు. అప్పుడు ఐదు ఆరు మడతలు వెయ్యాలి, లేదా తొడ ముందు టెండన్, చిప్ప కింద టెండన్ లాంటి వేరే చోటికి వెళ్లాలి. సన్న గ్రాఫ్ట్‌ను నావిగేషన్ అత్యంత కచ్చితమైన చోట పెట్టినా అది సన్న గ్రాఫ్టే. రెండోది కాలి ఎముక పైభాగం వెనక్కి వాలిన కోణం. పక్క ఎక్స్‌రేలో 12 డిగ్రీలు, ఆ పైన ఉంటే గ్రాఫ్ట్ మీద ప్రతి అడుగుకూ భారం ఎక్కువ. మూడోది మెనిస్కస్. కుట్టగలిగింది కుట్టకుండా కత్తిరించి పారేస్తే మోకాలు వదులుగానే మిగులుతుంది. ఇక మెలితిరిగే ఆటలు ఆడే కుర్రవాళ్లకు మోకాలి బయటివైపు అదనపు బలం కట్టాలా అన్న ప్రశ్న. 14 నుంచి 25 ఏళ్ల లోపు 618 మందితో జరిగి 2020లో వెలువడిన స్టెబిలిటీ పరిశోధనలో ఆ అదనపు కట్టుతో రెండేళ్లలో గ్రాఫ్ట్ తెగడం 11 శాతం నుంచి 4 శాతానికి తగ్గింది. బయటి గాటు ఒకటి పెరుగుతుంది, అంతే. కంప్యూటర్ అద్దెకు కట్టే డబ్బుతో పోలిస్తే ఈ ప్రశ్న అడగడం ఉచితం.

ఆపరేషన్ తర్వాతి లెక్క ఇంకా మొండిది. గ్రాఫ్ట్ మొదట బలంగా ఉండి, ఒకటిన్నర నుంచి మూడు నెలల మధ్య బలహీనపడి, మళ్లీ మెల్లగా బలపడుతుంది. నొప్పి తగ్గి హాయిగా నడిచేది సరిగ్గా ఆ బలహీనమైన రోజుల్లోనే. అప్పుడే టర్ఫ్ బుక్ చేసుకుంటారు. నార్వేలో 2016 నాటి అధ్యయనంలో 9 నెలల దాకా ఆటకు దూరంగా ఉన్న ప్రతి నెలకూ మళ్లీ గాయపడే రేటు దాదాపు సగానికి పడింది. తొడ ముందు కండ బలం రెండో కాలితో పోల్చి 90 శాతం రావాలి. దాన్ని యంత్రం మీద కొలవాలి, 'బాగానే ఉంది' అని నొక్కి చూసి చెప్పడం కొలత కాదు. ఆపరేషన్‌కు ముందు కూడా అంతే. వాపు తగ్గి, కాలు పూర్తిగా చాచడం రాకముందే హడావిడిగా బల్ల ఎక్కితే మోకాలు బిగుసుకుపోతుంది.

బీమా సంగతి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019 మార్గదర్శకాల్లో రోబోటిక్ సర్జరీలను ఆధునిక చికిత్సల జాబితాలో చేర్చి, పాలసీల్లో తోసిపుచ్చకూడదంది. కానీ కంపెనీలు దానికి విడిగా పరిమితి పెట్టుకోవచ్చు. నావిగేషన్ రోబో కాదు. డ్రిల్లు పట్టుకునేది, తిప్పేది సర్జన్ చెయ్యే. ఎస్టిమేట్‌లో 'రోబోటిక్' అని రాస్తే ఎందుకు రాశారో, ఆ పదం వల్ల మీ పాలసీ పరిమితి మారుతుందో లేదో ఆసుపత్రిలో చేరకముందే అక్కడి ఇన్సూరెన్స్ డెస్క్‌లో అడగండి. పిన్నులు, గోళాలు ఒకసారి వాడి పారేసేవి, బిల్లులో విడి వరసలుగా వస్తాయి.

మేము అడిగేది ఆసుపత్రులను, ఆరోగ్యశాఖను. నార్వే 2004 నుంచే ఏసీఎల్ ఆపరేషన్లను రిజిస్ట్రీలో నమోదు చేస్తోంది. హైదరాబాద్‌లో ఏడాదికి ఎన్ని చేస్తున్నారు, ఎన్ని మళ్లీ తెగుతున్నాయి, కంప్యూటర్‌తో చేసినవి ఎన్ని, లేకుండా ఎన్ని అన్నవి ఒకేచోట రాస్తే ప్రకటనల్లోని శాతాలకు ఆధారం అడగొచ్చు. ఆలోగా ఆపరేషన్ చేయించుకున్న ప్రతి ఒక్కరూ డిశ్చార్జి కాగితంలో నాలుగు విషయాలు ఉన్నాయో లేదో చూసుకోవాలి. గ్రాఫ్ట్ ఎక్కడి నుంచి తీశారు, ఎన్ని మి.మీ. వచ్చింది, మెనిస్కస్‌కు ఏం చేశారు, మత్తులో ఉండగా చివర్లో పివట్ షిఫ్ట్ ఎలా ఉంది. కాలు పూర్తిగా చాచి తీసిన పక్క ఎక్స్‌రే ఒకటి తప్పక అడగండి. అందులో తొడ ఎముక గాడి కప్పు ఒక గీతలా కనిపిస్తుంది. స్కేలు పెట్టి దాన్ని కిందికి పొడిగిస్తే కాలి ఎముక టన్నెల్ మొత్తం ఆ గీతకు వెనకే ఉండాలి. తొడ ఎముక టన్నెల్ నోరు గుబ్బ వెనక భాగంలో కనబడాలి, మధ్యలో కాదు. ఎదుటి ఎక్స్‌రేలో గ్రాఫ్ట్‌ను పట్టి ఉంచే చిన్న మెటల్ బటన్ ఎముక అంచును అంటుకుని పడుకుని ఉండాలి. ఎముకకూ దానికీ మధ్య సందు కనిపిస్తే కండ ఇరుక్కుందేమో అడగాలి.

కేస్ షీటులో స్క్రూ, బటన్ ప్యాకెట్ల స్టిక్కర్లు అంటించి ఉంటాయి, వాటి జిరాక్సు తీసుకోండి. ఎప్పుడైనా రెండోసారి ఆపరేషన్ కావలసి వస్తే, పాత స్క్రూ ఏ కంపెనీది, ఏ సైజుది అని కొత్త సర్జన్ అడుగుతారు. దాన్ని విప్పే స్క్రూడ్రైవర్ తెప్పించాల్సింది దాన్ని బట్టే.

ఇట్లు,
కీళ్ల శస్త్రచికిత్స, ఫిజియోథెరపీ రంగాల్లో పనిచేస్తున్న కొందరం,
హైదరాబాద్.